నాయన కోర్గ్ ఎం1 బ్యాటరీ అయిపోవచ్చింది, లోపలున్న నాదస్వరం పోకుండా మార్చేదెట్లా?

తిరుపతి కుట్టుమిషను

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో కుట్టుమిషన్లు రిపేరు చేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. షటిల్, బాబిన్ కేసు, టైమింగ్ ఇవన్నీ కళ్లు మూసుకుని సరిచేస్తాను గానీ ఎలక్ట్రానిక్స్ నాకు రాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నేను చేసిన ఒక వెధవ పని కింద రాస్తున్నాను, తిట్టేవాళ్లు కాస్త మెల్లగా తిట్టండి.

మా నాయన దగ్గర కోర్గ్ ఎం1 అనే కీబోర్డు ఉంది. 1993లో మద్రాసుకు పోయి, రికార్డింగుల్లో వాయించే ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండులో ముప్పై ఎనిమిది వేలకు తెచ్చుకున్నాడు. ఆ ముప్పై ఎనిమిది వేల లెక్క మా అమ్మ ఇంకా మరిచిపోలేదు. అంతకు ముందు నాయన పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నాటకాలు తగ్గిపోయాక ఆర్కెస్ట్రాలో చేరాడు. తిరుచానూరు, చంద్రగిరి, పుత్తూరు, నగరి, ఎక్కడ పెళ్లి ఉంటే అక్కడికి ఈ పెట్టె వెళ్లింది. తాతయ్యగుంట గంగమ్మ జాతరప్పుడు వీధిలో స్టేజీ వేస్తే రాత్రంతా మోగేది. ఇప్పుడు నాయనకు 74. పెట్టె మూడేళ్లుగా మంచం కింద, బొంత చుట్టి ఉంది.

పోయిన వారం మా అక్క కూతురి పెళ్లి కుదిరింది. నాయన ఉన్నట్టుండి "పెట్టె బయటికి తియ్యి" అన్నాడు. తీసి ప్లగ్గు పెట్టాను. డిస్‌ప్లే దాదాపు చీకటి, ఫోను టార్చి వేస్తే గానీ కనబడదు. లోపలి నుంచి దోమ రొదలాగా సన్నటి కూత ఒకటి వస్తోంది. టార్చి వేసి చూస్తే బ్యాటరీ లో, ఇంటర్నల్ అని ఇంగ్లీషులో ఉంది. కాసేపటికి అది పోయి మామూలుగా సౌండ్ల పేర్లు వచ్చాయి.

అసలు సంగతి ఇక్కడ ఉంది. ఆ సౌండ్లలో నాయన సొంతంగా చేసుకున్న నాదస్వరం ఒకటి ఉంది. పేరు ఇంగ్లీషులో పది అక్షరాలే పడుతుందట, నాదస్వరం స్పెల్లింగు సరిగ్గా పదికి సరిపోయిందని నాయన ఇప్పటికీ గొప్పగా చెబుతాడు. పక్కనున్న జాయ్‌స్టిక్‌ను బొటనవేలితో అట్లా కొంచెం నెడితే గమకం పలుకుతుంది. ముహూర్తం టైముకు నాదస్వరం మేళం రావడం ఆలస్యమై, నాయన దీంతోనే మంగళసూత్రం కట్టించిన పెళ్లిళ్లు రెండు మూడు ఉన్నాయి. "మళ్లీ చెయ్యలేవా?" అని అడిగితే, "అప్పుడు చెయ్యి చేసింది, నాకేం తెలుసు" అన్నాడు. ఏ కాగితం మీదా రాసుకోలేదు.

ఇప్పుడు నా వెధవ పని. నాలుగు మెట్లు (నాయన కీలను మెట్లనే అంటాడు) కిర్రుమంటున్నాయి. నాకు తెలిసిన మందు ఒకటే కదా, మిషను నూనె తలా మూడు చుక్కలు వేశాను. కిర్రు ఆగింది. రెండు రోజులకు ఆ నాలుగూ మూగబోయాయి. పక్కన ఇంకో రెండు మెట్లు ఎంత మెల్లగా తాకినా గట్టిగా అరుస్తున్నాయి. నాయనకు నూనె సంగతి చెప్పలేదు.

అడిగేది రెండే. బ్యాటరీ మారిస్తే ఆ నాదస్వరం పోతుందా? ఈ నూనె ఎట్లా వదిలించేది? పెళ్లికి ఇంకా నెలరోజులుంది. ఒకటే టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు టంకం

తమ్ముడూ, ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టు. బ్యాటరీ ముట్టుకోవద్దు.

చిత్తూరులో 1988 నుంచి రేడియోలు, టేప్‌రికార్డర్లు, టీవీలు బాగుచేస్తున్నాను. ఆర్కెస్ట్రా వాళ్ల కీబోర్డులు కూడా నా బల్ల మీదికి చాలా వచ్చాయి. ఎం1 కూడా 1988లోనే వచ్చింది, అంటే నేను టంకం పెట్టడం మొదలుపెట్టిన ఏడే. అందులో సౌండ్ల సెట్టింగులన్నీ ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో ఉంటాయి. కరెంటు తీసేశాక ఆ ర్యామ్‌ను బతికించేది లోపలున్న ఒక చిన్న బిళ్ల బ్యాటరీ. దాన్ని తీసిన మరుక్షణం నాదస్వరమే కాదు, ఉన్నవన్నీ పోతాయి. కంపెనీ సౌండ్లు ఎక్కడో లోపల దాగి ఉండి మళ్లీ వస్తాయనుకుంటారు చాలామంది. ఈ మోడల్లో అట్లా లేదు, అవి కూడా బయటి నుంచి ఎక్కించుకోవాల్సిందే. కాబట్టి ముందు సౌండ్లు బయటికి తీసి భద్రం చేసుకోవాలి. ఆ మిడీ, కంప్యూటర్ వ్యవహారం నాకంటే బాగా తెలిసిన వాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లు చెబుతారు. నేను నూనె సంగతి, టంకం సంగతి చెబుతా.

నూనె. నీ మిషన్లో ఇనుము మీద ఇనుము తిరుగుతుంది, నూనె కావాలి. ఇక్కడ మెట్టు కింద ఉండేది రబ్బరు. ఆ రబ్బరు బుడగ లోపల నల్లటి కార్బన్ బిళ్లలు రెండు. మెట్టు నొక్కితే ఒకటి ముందు, రెండోది ఒక వెంట్రుకవాసి తర్వాత కింద బోర్డుకు తగులుతాయి. ఆ రెంటి మధ్య పట్టిన టైమును చూసి మీ నాయన మెల్లగా వాయించాడా, గట్టిగా వాయించాడా అని మిషను లెక్కేస్తుంది. నూనె పొర అడ్డం పడితే ఒకటి తగిలీ తగలనట్టు అవుతుంది. మూగబోవడానికీ, ఊరికే అరవడానికీ కారణం ఒకటే. పైగా నూనె తగిలిన రబ్బరు కొన్నాళ్లకు ఉబ్బుతుంది. కాబట్టి పెళ్లి దగ్గర పడేదాకా ఆగొద్దు.

ఇట్లా చెయ్. ప్లగ్గు పీకేసి అరగంట ఆగు. పెట్టెను బోర్లా తిప్పేటప్పుడు రెండు చివర్లా లావుపాటి పుస్తకాలు పెట్టు, లేకపోతే బరువంతా జాయ్‌స్టిక్ మీద పడి విరుగుతుంది, అది దొరకదు. అడుగు రేకు మరలు తీశాక ప్రతి అడుగుకూ ఒక ఫొటో కొట్టు. కరెంటు లోపలికి వచ్చే చోట, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వేళ్లు పెట్టకు. మెట్లు ఊడదీశాక రబ్బరు పట్టీలు కనిపిస్తాయి. వాటికి కింద చిన్న చిన్న తోకలుంటాయి, బోర్డు చిల్లుల్లో దూరి ఉంటాయి. లాగితే తెగుతాయి. మెల్లగా, ఒక్కొక్కటీ.

పట్టీలను గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి వేళ్లతోనే కడుగు. బ్రష్ వద్దు, నల్ల బిళ్లలను రుద్దితే కార్బన్ లేచిపోతుంది. నీడలో ఒక రాత్రి ఆరనీ. బోర్డు వైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మందుల షాపులో స్పిరిట్ అని అడిగితే నీళ్లు కలిసింది ఇస్తారు, అది వద్దు. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మేచోట ఐపీఏ అని అడుగు, వాళ్లకు తెలుసు. తుప్పు వదిలించే స్ప్రే ఏదో నీ షాపులో కూడా ఉంటుంది, దాన్ని ఇటువైపు తీసుకురావద్దు. పెన్సిల్ లెడ్డు రుద్దమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. పనిచేస్తుంది, నాలుగు నాళ్లు.

బ్యాటరీ మాట. అది సీఆర్2032. ఆ నంబరులోనే కొలత ఉంది, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. 3 వోల్టులు. కంపెనీ వాళ్లు దానికి రేకులు అతికించి బోర్డుకు టంకం పెట్టారు. కొత్త బిళ్ల కొని నేరుగా దాని మీద ఐరన్ పెట్టావంటే వేడికి పగులుతుంది, కళ్లకు ప్రమాదం. హోల్డర్ కొని ఆ హోల్డర్‌కు టంకం పెట్టు, బిళ్ల తర్వాత గుచ్చుకో. ఇంకోసారి మార్చాల్సి వస్తే ఐరన్ పనే ఉండదు. ప్లస్, మైనస్ ముందే బోర్డు మీద స్కెచ్ పెన్నుతో రాసుకో.

ఆ దోమ కూత డిస్‌ప్లే వెనకున్న లైటుది. ఆ లైటుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, దాన్ని తయారుచేసే చిన్న ఇన్వర్టర్ కూస్తుంది. ఇప్పుడు దాన్ని వదిలేయ్, టార్చితో నెట్టుకురా.

పాతసామాను

ఇంత శ్రమెందుకు అన్నా? ఆ డబ్బులకు కొత్త కీబోర్డు వస్తుంది, నాదస్వరం సౌండు ఫోన్లోనే ఉచితంగా దొరుకుతుంది. పాతదాన్ని అమ్మేయండి, ఎం1 అంటే కొనేవాళ్లు ఉన్నారు.

తిరుపతి కుట్టుమిషను

@పాతసామాను, ఈ మాట మా ఇంటికి వచ్చి మా నాయన ముందు చెప్పగలరా? కాఫీ ఇప్పిస్తాను, తర్వాత బాధ్యత నాది కాదు.

@చిత్తూరు టంకం అన్నా, పుస్తకాల మాట చెప్పి బతికించారు, నేను నేరుగా బండ మీద బోర్లించేవాణ్ణి. బయటికి తీసి భద్రం చేయడం అంటే ఎట్లా?

ఎం1 పిచ్చి

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు పీలేరు. ఇంట్లో ఎం1 ఉంది కాబట్టి చెబుతున్నా.

వెనకవైపు అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్లు ఉన్నాయి కదా, అవి మిడీ. యమహా, రోలాండ్, కోర్గ్ ఏ కంపెనీ వాయిద్యమైనా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన పద్ధతి అది. నోట్లు మాత్రమే కాదు, సౌండ్ల సెట్టింగులు మొత్తాన్ని కూడా అందులోంచి పంపవచ్చు. సిసెక్స్ డంప్ అంటారు.

మీకు కావలసింది యూఎస్‌బీ మిడీ ఇంటర్‌ఫేస్ ఒకటి, ఏదో ఒక ల్యాప్‌టాప్, అందులో సిసెక్స్ రికార్డు చేసే ఉచిత ప్రోగ్రామ్. ఎం1 మిడీ అవుట్‌లోంచి ఇంటర్‌ఫేస్ ఇన్‌లోకి. ఎం1లో గ్లోబల్ మోడ్‌కు వెళ్లి, పేజీలు తిప్పుతూ పోతే డేటా డంప్ వస్తుంది. ఆల్ అని పెట్టి పంపండి. ప్రోగ్రాములు (ఎం1లో ఒక్కో సౌండునూ ప్రోగ్రామ్ అంటారు) ఒక్కటే అయితే పదహారు వేల పైచిలుకు బైట్లు ఉంటాయి, మిడీ వేగం సెకనుకు మూడు వేల బైట్ల చిల్లర, కాబట్టి ఐదారు సెకన్లు. ఆల్ అయితే ఇంకా ఎక్కువ.

ఒక్క హెచ్చరిక. మరీ చవగ్గా దొరికే మిడీ కేబుళ్లు ఉంటాయి, మధ్యలో చిన్న డబ్బాతో. నోట్లు వాయిస్తే బాగానే పనిచేస్తాయి. ఇంత పొడుగు డంప్ వచ్చేసరికి మధ్యలో బైట్లు మింగేస్తాయి. మీకు తెలియదు కూడా, ఫైలు వచ్చిందనే అనుకుంటారు. కాబట్టి ఒకే డంప్ మూడు సార్లు తీయండి. మూడు ఫైళ్లూ ఒక్క బైటు తేడా లేకుండా ఒకే సైజు ఉండాలి. ఆ తర్వాత ఫైలును బైటు బైటుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదట ఎఫ్0, దాని పక్కన 42 ఉంటుంది. 42 అంటే కోర్గ్. చివర ఎఫ్7 ఉండాలి. చివర అది లేదంటే డంప్ తెగిపోయినట్టే.

ఇంకా నమ్మకం చాలకపోతే, కోర్గ్ వాళ్లే ఎం1ను సాఫ్ట్‌వేర్‌గా కూడా అమ్ముతారు, పాత ఎం1 సిసెక్స్ అందులో తెరుచుకుంటుంది. బ్యాటరీ పీకేముందు నాదస్వరం అందులో పలుకుతుందో లేదో విని చూసుకోవచ్చు.

మదనపల్లి ప్యాడ్స్

ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు, మిషను ఆన్‌లో ఉంచి పాత బ్యాటరీ పక్కనే ఇంకో 3 వోల్టులు కలిపి, పాతది పీకేస్తే మెమరీ పోదంట. ఇంత కంప్యూటర్ గోల అక్కర్లేదు కదా?

చిత్తూరు టంకం

కరెంటు ఉన్న బోర్డు మీద, ఎర్త్ సరిగా లేని మన ఇళ్లల్లో, పాతిక వాట్ల ఐరన్ పెట్టి చెయ్యి వణకకుండా చేస్తానంటావా? ఐరన్ బిట్టులో లీకేజీ ఉంటే ర్యామ్ ఒక్కటే కాదు, పక్కనున్న చిప్పులు కూడా పోతాయి. బాగా చేసేవాళ్లు ఉన్నారు, కాదనను. కుట్టుమిషను తమ్ముడికి మాత్రం చెప్పొద్దు.

తిరుపతి కుట్టుమిషను

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా. అన్నీ వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇప్పుడు మళ్లీ ఇరుక్కున్నాను.

ఎం1 పిచ్చి గారు ఏ కేబుల్ కొనొద్దన్నారో సరిగ్గా అదే కొన్నాను. మూడు వందల యాభై. మొదటి డంప్ తొమ్మిది వేల బైట్లు, రెండోది పదకొండు వేలు. ఆల్ అని పెడితే ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. అప్పుడు గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌కు పోయాను. ఎటూ పోయాను కదా అని బ్యాటరీ హోల్డర్, ఐపీఏ డబ్బా కూడా తెచ్చుకున్నాను. మిడీ ఇంటర్‌ఫేస్ మాత్రం అక్కడ కాదు, మౌంట్ రోడ్డు వైపు వాయిద్యాల షాపులో దొరికింది. సాయంత్రం అదే బండిలో వెనక్కి.

మంచి ఇంటర్‌ఫేస్‌తో ప్రోగ్రాములు మూడుసార్లు తీశాను, మూడూ ఒకే సైజు. కాంబినేషన్లూ (కొన్ని సౌండ్లు కలిపి పెట్టుకున్నవి) తీశాను. గ్లోబల్ అని ఇంకోటి కనిపించింది. గ్లోబల్ అంటే విదేశాల వ్యవహారం ఏదో అనుకుని వదిలేశాను. ఆల్ మీద అప్పటికే భయం పట్టుకుంది, బిగుసుకుపోయింది కదా ఒకసారి. నవ్వొద్దు.

తర్వాత విప్పాను. ఈ పని మాత్రం నాకు ఇష్టమైంది. మరలను బాబిన్ డబ్బాల్లో వేసుకుని, ఏ డబ్బా ఏ వరసదో సుద్దముక్కతో రాసుకున్నాను. మెట్లు తీస్తే లోపల ఏమున్నాయో చూడండి. అక్షింతలు. పిడికెడు కాదు గానీ, ఒక చెంచాడు ఉంటాయి. పసుపు వెలిసిపోయి కొన్ని గింజలు తెల్లబడ్డాయి, కొన్ని ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఎండిన బంతిపూల రెక్కలు, కర్పూరం కాగితం ముక్క, ఒక పావలా, బల్లి గుడ్డు పెంకు. ఇన్ని పెళ్లిళ్లలో అందరూ వధూవరుల మీద వేసిన వాటిలో కొన్ని నాయన మీద కూడా పడ్డాయన్నమాట. అమ్మకు చూపిస్తే ఆ గింజలను పారెయ్యనివ్వలేదు, తులసికోటలో వేసింది.

నా నూనె రెండు పట్టీలకు పాకింది. తాకితే జిగట. చిత్తూరు అన్న చెప్పినట్టే సబ్బునీళ్లలో కడిగి, నీడలో ఆరేశాను. తోకలు మళ్లీ చిల్లుల్లోకి ఎక్కించడానికి ఏమీ పనికిరాలేదు. చివరికి బొంత సూది కన్ను ఉన్న వైపుతో ఒక్కొక్కటీ లోపలికి నెట్టాను. మొద్దుగా ఉంటుంది, గుచ్చుకోదు. పాత బ్యాటరీ మీటరు పెడితే 2.61 చూపించింది. హోల్డర్ పెట్టి కొత్త బిళ్ల గుచ్చితే 3.2.

అన్నీ బిగించి ఆన్ చేస్తే పేర్లు పెట్టాల్సిన చోట చెత్త అక్షరాలు. అది తెలిసిందే కదా అని ధైర్యంగా ఉన్నాను. ల్యాప్‌టాప్ నుంచి ప్రోగ్రాముల ఫైలు పంపాను. ఏమీ కాలేదు. మళ్లీ పంపాను. మెమరీ ప్రొటెక్ట్ (మెమరీని మార్చనివ్వని తాళం) తీసేయాలని ఎక్కడో చదివి అది తీసేసి పంపాను. అప్పుడూ ఏమీ కాలేదు. మిడీ తీగ తిప్పి పెట్టాను. ఇప్పుడు టైము రాత్రి పదకొండున్నర. నాయన పక్క గదిలో నిద్రపోతున్నాడు, లేదా నిద్రపోయినట్టు నటిస్తున్నాడు. పొద్దున్నే అడుగుతాడు. ఏం చెప్పాలి?

ఎం1 పిచ్చి

ఇంకా మేలుకునే ఉన్నాను. ఫైలు హెక్స్ ఎడిటర్‌లో తెరిచి మొదటి నాలుగు బైట్లు ఇక్కడ రాయండి.

తిరుపతి కుట్టుమిషను

ఎఫ్0, 42, 32, 19.

ఎం1 పిచ్చి

దొరికింది. ఫైలు బంగారంలా ఉంది, భయపడకండి.

42 కోర్గ్, 19 ఎం1. మధ్యలో ఉన్న 32లో 2 అంటే మిడీ ఛానెల్. కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి 2 అంటే మూడో ఛానెల్. మీ నాన్నగారు ఎప్పుడో మూడో ఛానెల్ పెట్టుకున్నారు. బ్యాటరీ తీసేసరికి గ్లోబల్ సెట్టింగులు కూడా పోయాయి, ఇప్పుడు ఛానెల్ వేరేదై ఉంటుంది. ఎవరి పేరున వచ్చిన ఉత్తరమో వాళ్లే తీసుకుంటారు కదా, ఇదీ అంతే. గ్లోబల్ మోడ్‌లో మిడీ ఛానెల్‌ను 3 చేయండి. అక్కడే ఎక్స్‌క్లూజివ్ అనేది (సిసెక్స్‌ను లోపలికి రానిచ్చేది) ఎనేబుల్ అయి ఉందో లేదో కూడా చూడండి. తర్వాత పంపండి.

గ్లోబల్ తీసి ఉంటే మిగతా సెట్టింగులు మీ దగ్గర ఉండేవి. డ్రమ్ కిట్లు కూడా అందులోనే ఉంటాయి, నాన్నగారు వాటిని మార్చుకుని ఉంటే అవి పోయినట్టే. ఆల్ అన్నది అందుకే. ఇప్పుడు అనుకుని లాభం లేదు, పంపండి.

తిరుపతి కుట్టుమిషను

వచ్చింది!!! ఛానెల్ 3 పెట్టి పంపితే ఆరు సెకన్లలో పేర్లన్నీ వచ్చేశాయి. నాదస్వరం ఉంది. సౌండు బాగా తగ్గించి సా ఒక్కటి నొక్కాను. పక్క గదిలోంచి "కట్టెయ్, పొద్దున చూద్దాం" అని వినపడింది. నటనే.

డ్రమ్ కిట్ల గురించి భయం లేదండి, నాయనకు ఎప్పుడూ ప్యాడ్ వాయించే మనిషి పక్కనే ఉండేవాడు.

చిత్తూరు టంకం

శభాష్ తమ్ముడూ. మూగ మెట్లు పలుకుతున్నాయా?

తిరుపతి కుట్టుమిషను

అన్నా, నాలుగింటిలో మూడు పలుకుతున్నాయి. ఒకటి, పైనుంచి రెండో మెట్టు, పది నొక్కులకు ఒకసారి ఎగ్గొడుతోంది. అంత పైకి నాయన వెళ్లడు, పెళ్లి అయ్యాక చూస్తాను. అరిచేవి రెండూ దారికొచ్చాయి.

కానీ పొద్దున జరిగింది చెప్పాలి. నాయన స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. నాదస్వరం మీద మోహన రాగం ఆరోహణ ఒకసారి వాయించి ఆగిపోయాడు. "శృతి తగ్గింది" అన్నాడు. నేను విన్నాను, నాకేమీ తేడా తెలియలేదు. ఫోన్లో ట్యూనర్ పెట్టి చూపించాను, అందరూ వాడే శృతి 440, నిలువుగా దాని మీదే ఉంది సూది. "ఫోను మాట నాకెందుకు, తగ్గింది" అన్నాడు.

బీరువా మీదున్న హార్మోనియం దించమన్నాడు. దుమ్ము దులిపి, మెట్టు మీద వేలు పెట్టి తిత్తి ఊదాడు. ఎం1లో ఆర్గాన్ సౌండు పెట్టి అదే స్వరం నన్ను నొక్కి పట్టుకోమన్నాడు. రెండూ కలిసి మోగుతుంటే అప్పుడు తెలిసింది నాక్కూడా. వావ్‌వావ్‌వావ్ అని కొట్టుకుంటున్నాయి, సెకనుకు నాలుగైదు సార్లు. మిషన్లో బెల్టు జారేటప్పుడు వచ్చే శబ్దంలా ఉంది.

అసలు సంగతి నాయన అప్పుడు చెప్పాడు. ఆర్కెస్ట్రాలో మొదట్లో హార్మోనియం, ఎం1 రెండూ స్టేజీ మీద ఉండేవట. హార్మోనియం రీడ్లు కాస్త పైన ఉండేవి. రీడ్లు గీకి హార్మోనియం తగ్గించడం ఇష్టం లేక, ఎం1నే దానికి సరిపోయేట్టు పెంచి పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు అట్లాగే వాయించాడు. ఆ పెంచిన అంకె కూడా గ్లోబల్‌లోనే ఉండింది. విదేశీ వ్యవహారం అని నేను వదిలేసిన దాంట్లో.

మాస్టర్ ట్యూన్ అని ఉంది. నేను టార్చి పట్టుకుని ఒక్కో అంకె పెంచుతూ పోయాను, నాయన కళ్లు మూసుకుని తిత్తి ఊదుతూ కూర్చున్నాడు. 5 దగ్గర కొట్టుకోవడం కొంచెం నెమ్మదించింది. 12 దగ్గర ఊయల ఊగినట్టు అయింది. 17 దగ్గర ఉందా లేదా అన్నట్టు. 18 దగ్గర "ఆ" అన్నాడు. 19 పెడితే "వెనక్కి రా" అన్నాడు. ఫోన్లో చూస్తే 444 దాటి ఉంది, 445కు కాస్త కింద.

ఎం1 పిచ్చి

పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు. 18 సెంట్లు అంటే లెక్క ప్రకారం 444.6. నాన్నగారి చెవికి దండం. ఇప్పుడైనా ఆల్ డంప్ ఒకటి తీసి దాచండి, దయచేసి.

తిరుపతి కుట్టుమిషను

తీశాను. మూడుసార్లు, మూడూ ఒకే సైజు. ఒకటి నా ఈమెయిల్లో, ఒకటి మా అక్క కూతురి ఫోన్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి షాపులో సూదుల డబ్బాలో పెట్టాను. కొలతలు రాసుకునే చీటీ ఒకదాని మీద బ్యాటరీ మార్చిన తేదీ, ఛానెల్ 3, ట్యూన్ +18, నూనె వెయ్యరాదు అని రాసి అడుగు రేకు లోపలివైపు అతికించాను. నూనె అని ఎందుకు రాశావని నాయన అడిగాడు. ఊరికే అన్నాను.

చిత్తూరు అన్నా, ఇంకొక్క సంగతి. శృతి కుదిరినప్పటి నుంచి నాయనకు డిస్‌ప్లే వెనకాల ఆ దోమ కూత వినిపిస్తోందట. అది ఏ స్వరమో కూడా చెప్పాడు. పెళ్లిలోపు అది ఆగాలంటున్నాడు. ఆ లైటు తీగ పీకేస్తే మిగతాది పనిచేస్తుందా?

చిత్తూరు టంకం

చేస్తుంది. ప్లగ్గు పీకి, ఇన్వర్టర్ దగ్గర తీగకు టేపు చుట్టి పక్కకు పెట్టు. టార్చి మాత్రం పెళ్లికి కూడా తీసుకెళ్లు.